రాడార్‌లో విరిగిన గాజు

పొద్దున చాయ్ తాగుతూ ఫోన్ తెరిస్తే బంగాళాఖాతంలో మళ్లీ ఆ గాజు కనిపించింది. రాడార్ బొమ్మలో తుఫాను కన్ను చుట్టూ ఎర్రగా, పసుపుగా తిరిగే మేఘాల గోడను నేను చేతి గాజు అనే అంటాను. నడుమ ఖాళీ, చుట్టూ నిండు రంగు, బొమ్మ మారినప్పుడల్లా కొంచెం తిరిగి, కొంచెం పడమరకు జరిగి, మన వైపే నడిచి వస్తున్నట్టుంటుంది. చాయ్ చల్లారిపోయినా చూస్తూనే కూర్చున్నాను. పనిలేని పొద్దులు ఎంత మెల్లగా కదులుతాయో నా వయసు వాళ్లకు చెప్పక్కర్లేదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను నందికొండలో, కృష్ణ మీది డ్యాం నీటిమట్టం రాసే ఆఫీసులో పనిచేసేదాన్ని. తుఫాను రోజుల్లో అక్కడి కంప్యూటర్‌లో తీరం రాడార్ బొమ్మ తెరిచి పెట్టుకోవడం నాకు అలవాటు. ఆ రంగులు అలా తిరుగుతుంటే కిటికీ బయటి కృష్ణ నీళ్లూ తెర మీది సముద్రమూ ఒకటైపోయి, ఎక్కడున్నానో కాసేపు మరిచిపోయేదాన్ని. సముద్రం చూడని మనిషిని మరి. ఆ డ్యాం ఎడమ కాలువ కింద వ్యవసాయం చేసే మా అన్న, మబ్బు పట్టిందంటే చాలు, నాకు ఫోన్ చేసేవాడు. మా చెల్లె కంప్యూటర్ల చూసి చెప్తదని ఊరంతా చెప్పుకునేవాడు. అది వింటే నాకు గర్వంగా ఉండేది, దాచడమెందుకు.

కాలువకు నీళ్లు రాక రెండేళ్లు బీడుపడ్డ పొలంలో ఒక ఏడు పంట పండింది. కోసిన వడ్లు కల్లంలో కుప్పపోసి ఉండగా తుఫాను కబురొచ్చింది. టార్పాలిన్లు కప్పారు. కానీ ఎక్కువ రోజులు కప్పి ఉంచితే వడ్లు లోపల వేడెక్కి చెడిపోతాయి, ఆరబోయకుంటే తేమ తగ్గదు, తేమ ఉంటే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. రెండు రోజుల్లో అన్న ఎన్నిసార్లు ఫోన్ చేశాడో లెక్కలేదు.

మూడో రోజు పొద్దున గాజు తీరాన్ని తాకింది. నేలకు తగిలిన వైపు రంగు పలచబడి, అక్కడ సందు పడి, చూస్తుండగానే అది సగం గాజై, నడుమనున్న ఖాళీ కూడా పూడిపోయింది. గోడే విరిగితే ఇంక తుఫాను ఎక్కడిదని నాకు నేనే తీర్మానించుకున్నాను. వెంటనే అన్నకు ఫోన్ చేసి, "ఫికర్ చెయ్యకన్నా, అది ఇరిగిపోయింది, వడ్లు ఆరబొయ్యి" అన్నాను. మంచిది చెల్లె అని పెట్టేశాడు.

విరిగింది గాలి జోరు మాత్రమే. విరిగిన గాజు ఆకుపచ్చ రంగై మా జిల్లా మీదంతా పరుచుకోవడం నేను అన్నం తినొచ్చి చూసేసరికే కల్లంలో వాన మొదలైంది. రెండు రోజులు వదలలేదు. ఆరబోసిన వడ్లకు తెల్లటి మొలకలొచ్చాయి.

అన్న నన్ను ఒక్క మాట అనలేదు. చాలా రోజుల తర్వాత వదిన చెప్పింది, ఆ పొద్దున తూర్పు గాలి చల్లగా తగులుతోందని, వాన తప్పదని అన్నకు ముందే తెలుసట. మరి టార్పాలిన్లు ఎందుకు తీస్తున్నవని తను అడిగితే, "మా చెల్లె చెప్పినంక ఇంకేంది" అన్నాడట. అది విని నేను వదిన ముందే ఏడ్చేశాను.

మరుసటి ఏడు మబ్బు పట్టగానే అన్న మళ్లీ ఎప్పటిలాగే ఫోన్ చేశాడు. అప్పటి నుంచి నేను బొమ్మ సంగతి చెప్పే ముందు, మీ దగ్గర గాలి ఎటు నుంచి వస్తోందని అడిగేదాన్ని. అన్న ఫోన్ చెవికి పెట్టుకుని వాకిట్లోకి నడిచి, కాసేపు ఊరికే నిలబడి, అప్పుడు చెప్పేవాడు. ఆ కాసేపూ నాకు ఫోన్‌లో గాలి వినిపించేది. ఎంత బాగుండేదో.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఆ గాజు తిరుగుతోంది. ఎవరూ నన్ను అడగరు, అన్న కూడా ఫోన్ చేయడం మానేశాడు. అందుకే ఈ పొద్దున నేనే చేసి, గాలి ఎటు నుంచి వస్తాందన్నా అని అడిగాను. వాకిట్లోకి నడిచే అడుగుల చప్పుడు కోసం చెవి పెట్టుకుని ఉన్నాను.

"ఆగు చెల్లె, ఫోన్ల చూసి చెప్త" అన్నాడు.