మూడు పీపాల సీసా, మా మామగారు

మా మామగారు మొన్న ఆదివారం పొద్దున పోయారు. ఎల్బీనగర్‌లో మా ఇంట్లోనే, ఫ్యాన్ తగ్గించలేదని మా ఆవిడను తిడుతూ, ఆ తిట్టు పూర్తి కాకుండానే. పలకరించడానికి వచ్చినవాళ్లంతా "మంచి మనిషి" అంటున్నారు. కాదు. మంచి మనిషే అయితే నేనిది రాసేవాణ్ని కాను.

మాది గుంటూరు వైపు. నాన్న ఉద్యోగం వల్ల దిల్‌సుఖ్‌నగర్‌లో పెరిగాను. మామగారిది నల్గొండ దగ్గర పల్లె, కొత్తపేట మార్కెట్లో మామిడికాయల వ్యాపారం. ఆయన పెద్దమ్మాయిని ప్రేమించి చేసుకున్నాను. పెళ్లయ్యాక మొదటి దావత్‌లో ఆయన తన చేత్తో గ్లాసు పోసి నాకిచ్చారు. మా ఇళ్లలో మామగారి ముందు తాగడమంటే ఇక తలెత్తుకోలేం. అందుకే చేతులు జోడించి, "నాకు అలవాటు లేదండీ" అన్నాను. నేను చూపించింది గౌరవం. వాళ్ల ఇళ్లలో మామ పోసిన గ్లాసు కాదనడమంటే, నీ చుట్టరికం నాకొద్దని మొహం మీద చెప్పడం. ఆయన ఆ గ్లాసు తీసుకెళ్లి మోరీలో పోశారు.

ఆ రోజు నుంచి నేను "అల్లుడుగారు" అయ్యాను. చిన్నల్లుణ్ణి "ఏందిరా" అని దగ్గరికి లాక్కునేవారు. దావత్‌లో అందరికీ పోసి, నా ముందు మాత్రం కూల్‌డ్రింక్ పెట్టి, అందులో స్ట్రా కూడా వేసేవారు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడిచిన రోజుల్లో ఇది మరీ ముదిరింది. బంద్ వస్తే చాలు, "అల్లుడుగారిని ఆంధ్ర బస్సెక్కిద్దామంటే, బస్సులు గూడ బందేనాయె" అని చుట్టాల ముందు అనేవారు. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ని. లోపల మండిపోయేది. అయినా ఆయన చేత్తో మళ్లీ ఒక్క గ్లాసు పోయించుకోవాలన్న పట్టుదల మాత్రం నన్ను వదల్లేదు.

ఆ ఉద్యమంలోనే పెద్ద సమ్మె నడిచిన ఏడు, దసరాకి, విదేశం నుంచి వస్తున్న స్నేహితుడితో ఒక సీసా తెప్పించాను. పెద్ద కంపెనీది కాదు, ఎవరో అన్నదమ్ములు కొద్దికొద్దిగా తయారుచేసే విస్కీ. ముందు మామూలు పీపాలో ఏళ్ల తరబడి మాగబెట్టి, తర్వాత రమ్ము పీపాలో, బ్రాందీ పీపాలో, టెకీలా పీపాలో కొన్నాళ్లు ఉంచుతారట. ఇదంతా ఆయనకు భక్తిగా వివరించాను.

ఆయన సీసాను వెలుగులో తిప్పి చూశారు. "అంటే దీనికి సొంతిల్లు లేదన్నట్టు. ఏడ జాగ దొరికితే ఆడ పండి, వాళ్ల వాసన నాదే అంటది. జర మీ లెక్కనే ఉన్నది, అల్లుడుగారూ."

అందరికీ పోసి, ఏం వాసనో చెప్పమన్నారు. చిన్నల్లుడు బెల్లం అన్నాడు. "గంతేనా? నీ ముక్కుల ఏం పెట్టుకున్నవ్‌రా?" అని వాణ్నీ వదల్లేదు. నాకు పోయలేదు. తను తాగేసిన ఖాళీ గ్లాసు నా వైపు జరిపారు.

"వాసన చూడుండ్రి. దానికైతే ఇజ్జత్ పోదు గదా."

చూశాను. ఆరిపోతున్న గ్లాసులో ముందు బెల్లం, తర్వాత కిస్‌మిస్, కొసకి తడిసిన చెక్క వాసన. తాగినవాళ్లెవరికీ ఇవన్నీ అందలేదు. ఈ రోజుకీ ఏది తాగినా చివర్లో ఖాళీ గ్లాసు వాసన చూస్తాను. అవమానించడానికే నేర్పారు, అయినా ఆ విద్య ఆయన పెట్టిన భిక్షే.

పోయిన నెల కాలేయం చెడి, దవాఖాన నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చారు. చిన్నల్లుడి ఇంటికి ఎందుకు వెళ్లలేదని ఎవరో అడిగితే, "వాడు అడిగితే పోస్తడు, నేను సస్త. ఈయన పోయడు" అన్నారు. ఒక మధ్యాహ్నం మా ఆవిడ బయటికి వెళ్లగానే నన్ను పిలిచారు. చేతిలో గ్లాసు, అందులో ఎర్రగా సగం దాకా. మందు ఎవరు తెచ్చిచ్చారోనని మంచం కింద సీసా కోసం చూశాను.

"తాగు," అన్నారు.

గారు లేదు, అండి లేదు.

"మీ ముందు ఎలా అండీ..."

"సిగ్గయితే గోడ దిక్కు తిరుగు. నేను సూడ."

రెండు చేతులతో అందుకున్నాను. వాసన చూడాలని కూడా తోచలేదు. గోడవైపు తిరిగి ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. పొద్దున మిగిలిపోయిన టీ డికాషన్. చక్కెర కూడా లేదు.

వెనక మంచం కిర్రుమంటోంది. ఆయన నవ్వుతున్నారు, నవ్వు దగ్గయి, దగ్గు మళ్లీ నవ్వయి. "మొకం ఇటు తిప్పు, సూస్త" అంటున్నారు. నేను తిప్పలేదు. కళ్లనిండా నీళ్లున్నాయి, అవి చూసే భాగ్యం ఆయనకు ఇవ్వదలచుకోలేదు. గోడకేసి చూస్తూ, అడుగున ఉన్న చాయ్‌పత్తాతో సహా ఆ గ్లాసు మొత్తం తాగేశాను.