జియోడ్ అని రాసిన లైను

మూడేళ్ల కిందటి వేసవి. అప్పటికి హైదరాబాద్ అశోక్ నగర్‌లో గ్రూప్స్ ఉద్యోగ పరీక్షల అభ్యర్థులకు జాగ్రఫీ చెబుతున్నాను. అంతకుముందు ఇరవై ఏళ్లు డిగ్రీ కాలేజీలో జియాలజీ చెప్పినవాణ్ణి, రాళ్ల సంగతి నాకు తెలిసినంత ఎవరికి తెలుసన్న గీర కాస్త ఎక్కువే. చిక్కడపల్లి జిరాక్స్ షాపుల్లో నా నోట్సు దొరికేది. పేజీ కింద నా పేరు వేయకపోతే షాపువాళ్లతో తగువు పెట్టుకునేవాణ్ణి కూడా.

ఈ పనిలో పాఠమంతా చివరికి బిట్లు కావాలి. బిట్ అంటే ఒక ప్రశ్న, ఒక జవాబు, ఒకే లైను. పిల్లలు టిఫిన్ బండి దగ్గర, లైబ్రరీ మెట్ల మీద అవే వల్లె వేస్తుంటారు.

ఒక మధ్యాహ్నం స్వప్న వచ్చింది. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చి, నాలుగేళ్లుగా హాస్టల్లో ఉండి చదువుతున్న నా విద్యార్థిని. చేతిలో ప్రశ్నపత్రం, పరీక్షవాళ్లు విడుదల చేసిన జవాబుల కీ.

“సార్, కీల తప్పిచ్చిన్రు. అబ్జెక్షన్ పెడ్తున్న. సబ్జెక్టు తెలిసినోళ్ల లెటర్ కావాల్నంట. జర సంతకం పెట్టున్రి.”

ప్రశ్న చదివాను. అగ్నిపర్వత గాజు శిలల్లో, నడిమి నుంచి అన్ని వైపులకీ సూదుల్లా పెరిగిన స్ఫటికాల గుండ్రటి ముద్దలను ఏమంటారు? ఆమె జియోడ్ అని పెట్టింది. కీలో స్ఫెరులైట్ అని ఉంది.

కీ సరైనదే. జియోడ్ లోపల బోలుగా ఉంటుంది, స్ఫటికాలు గోడల నుంచి లోపలికి పెరుగుతాయి. స్ఫెరులైట్‌లో అవి మధ్య నుంచి బయటికి పెరుగుతాయి. రెండూ పైకి గుండ్రంగానే కనిపిస్తాయి, అంతే.

“జియోడ్ అని ఎందుకు పెట్టావమ్మా?” అన్నాను.

సంచీలోంచి నోట్సు తీసి చూపించింది. ‘రాళ్లలో గుండ్రటి స్ఫటికాలు – జియోడ్.’ రాత నాది. కింద పేరూ నాదే.

“మీరు రాసిందే గద సార్. కండ్లు మూస్కోని పెట్టిన. ఈ ఒక్క మార్కు వస్తే కటాఫ్ దాటుతనంటున్రు. నాకు వయసు అయిపోయింది, మల్ల రాసే ఛాన్సు లేదు.”

క్లాసులో రెండూ విడివిడిగానే చెప్పాను. నోట్సు పేజీలో పట్టాలని రెంటినీ ఒక్క లైనులో కుక్కింది నేనే.

నిజం చెప్పాలంటే, సంతకం పెట్టేద్దామనిపించింది. పరీక్షవాళ్లు ఎలాగూ ఒప్పుకోరు. నెపం వాళ్ల మీదికి పోతుంది, ఈ పిల్ల దగ్గర నేను మంచివాడిగా మిగులుతాను. పెన్ను క్యాప్ కూడా తీశాను. ఆ అమ్మాయి ముఖం చూశాక క్యాప్ మళ్లీ పెట్టేశాను.

“కీ తప్పు కాదమ్మా. తప్పు నాది. ఈ లైను నేనే తప్పు రాశాను.”

“పరీక్షకు ముందు జెప్పుంటే మంచిగుండు గద సార్,” అని ఏడ్చింది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. క్షమించమన్నాను. అంతకుమించి నా దగ్గర ఏముంది?

మర్నాడు క్లాసులో అందరి చేతా ఆ లైను కొట్టేయించాను. కొత్త పేజీ రాసి షాపు షాపుకీ తిరిగాను. “ఇప్పుడెందుకీ పరేషాన్ సార్? అందరు గిదే తీస్కపోతున్రు,” అన్నాడొక షాపతను. “అందుకే,” అన్నాను.

ఫలితాల్లో స్వప్న పేరు లేదు. రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. నెల తర్వాత తనే చేసింది.

“మా చెల్లె హాస్టల్ల చేరింది సార్. మీ నోట్సే కొంటనంటున్నది. మొత్తం మల్ల సూశిన్రా?”

ఆ ఒక్క లైను దిద్ది చేతులు దులుపుకున్నాను. మిగతాది ముట్టలేదు. “లేదమ్మా,” అన్నాను.

“అయితే సూశినంక చెప్పున్రి. అప్పటిదాంక దాన్ని ఆగమంట,” అని పెట్టేసింది.

మొదటి పేజీ నుంచి మళ్లీ చదవడానికి నెలన్నర పట్టింది. దొరికిన తప్పు ఒక్కటే తప్పు అనుకోకూడదని ఆ అమ్మాయి నేర్పితే నేర్చుకున్నాను. అలా కుదించి పాడుచేసిన లైన్లు ఇంకో పదకొండు దొరికాయి. వాటిని నమ్మి ఎవరెవరు ఏం పోగొట్టుకున్నారో నాకు తెలియదు. వాళ్లెవరూ సంతకం కోసం రాలేదు.