కారు నాది, బేరం మా ఆయనతో

నేను టేకులపల్లి దగ్గర ఒక స్కూల్లో టీచర్‌ని. ఐదేళ్ల క్రితం నా జీతంతో ఒక కారు కొనుక్కున్నాను. చూడటానికి చిన్నదే గానీ, యాక్సిలరేటర్ మీద కాలు పెడితే చాలు, దూసుకుపోతుంది. కంపెనీ ఆ మోడల్‌ను కొన్ని వందలు మాత్రమే చేసి ఆపేసింది. ‘ఇంత చిన్న బండికి అంత ధరా?’ అని అప్పట్లో నవ్వినవాళ్లే ఇప్పుడు ఎక్కువిస్తాం, అమ్మమంటున్నారు.

మొన్న వేసవి సెలవుల్లో ఖమ్మం నుంచి ఒకాయన చెప్పకుండా వచ్చాడు. వాకిట్లో కారు కడుగుతున్న నన్ను దాటుకుని లోపలికి వెళ్లి, "సార్, ఇంజిన్ ఎట్లుంది?" అని మా ఆయనను అడిగాడు.

"నాకేం ఎరుక? బండి ఆమెది. నాకు డ్రైవింగే రాదు" అన్నారు మా ఆయన.

"అందరూ గట్లనే అంటరు సార్. రేటు చెప్పుండ్రి" అని నవ్వాడతను.

నాకు ఒళ్లు మండింది. "ఎక్కండి, చూపిస్తా" అని అతన్ని అడవి రోడ్డు మీదికి తీసుకెళ్లాను. మలుపు మలుపుకీ గేర్లు మారుస్తూ ఇంజిన్ సంగతంతా చెప్పాను. అమ్మే ఉద్దేశం లేదని కూడా స్పష్టంగా చెప్పాను. అతను తలుపు పిడి గట్టిగా పట్టుకుని "అవ్ మేడం, అవ్ మేడం" అన్నాడు. అర్థమైందనుకున్నాను.

ఇంటికి రాగానే దిగి, నేరుగా మా ఆయన దగ్గరికెళ్లాడు. "సార్, బండి మస్తుంది. మేడంను జర మీరే ఒప్పించుండ్రి. సోమవారం వచ్చి తీస్కపోత."

కారు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాని విలువ తెలిసి అంత దూరం నుంచి వచ్చిన మనిషికి, దాన్ని నడుపుతున్న నేను మాత్రం కనబడలేదు. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపట కొరుకుతాను.