గుంటలోంచి వీధిలోకి

మదనపల్లెలో ఆదెప్పది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు జారేసి కూర్చుంటే తొక్కుడు చెక్కలు పాదాలకు అందుతాయి. నేసిన పట్టుచీర ఒడి దగ్గరికి వస్తుంది. భార్య మునిలక్ష్మమ్మ ఉన్నన్నాళ్లూ ఆ గుంట గట్టు మీదే కూర్చుని, కండెలకు దారం చుడుతూ వీధి సంగతులన్నీ చెప్పేది. తొంభై ఎనిమిదిలో ఆమె పోయింది. అప్పటినుంచి పక్కింటి అన్నపూర్ణమ్మ కండెలు చుట్టి తెచ్చిస్తోంది. గట్టు మీద పెట్టి, నిలబడే రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోతుంది. ఆమెకు ఇంటినిండా మనుషులు, చేతినిండా పనులు.

మరుసటి ఏడు చలికాలంలో ఆదెప్ప పుంగనూరులో చీర అప్పజెప్పి వచ్చి బస్సు దిగాడు. ఎదురుగా టమోటా లారీ ఒకటి వెనక్కి వస్తూ కుక్కపిల్ల కాలు తొక్కేసింది. లారీ ఆగలేదు. చూసినవాళ్లు అయ్యో అని ఎవరి దారిన వాళ్లు పోయారు. ఆదెప్ప దాన్ని పైగుడ్డలో చుట్టుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తాడు. డాక్టరు వెనక కాలికి కట్టు వేసి, నెల తర్వాత తెమ్మన్నాడు.

ఇంట్లో దానికి గుంటను మించిన చోటు ఆదెప్పకు కనిపించలేదు. చెక్కలకు దూరంగా ఒక మూల పాత చీర పరిచాడు. మగ్గం ఆగినప్పుడల్లా అది దేక్కుంటూ వచ్చి అతని పాదం మీద గడ్డం ఆనించేది. "దారం తెగింది సూడు," అనేవాడు దానితో. ఆ ఇంట్లో అతను అన్ని మాటలాడి ఏడాది దాటింది.

నెల తిరిగాక డాక్టరు కట్టు విప్పాడు.

"ఎముక అతుక్కునింది. ఇంక నడిపించాలప్పా. మోపకపోతే కాలు ఎండిపోతాది."

ఆదెప్ప తలూపాడు. ఇంటికొచ్చి మళ్లీ గుంటలోనే దించాడు. ఆ గుంటలో రెండడుగులు వేసే చోటు లేదు.

ఒకరోజు కండెలు తెచ్చిన అన్నపూర్ణమ్మ లోపలికి తొంగి చూసింది.

"ఏమన్నా, దీన్నింకా ఆడనే పెట్టుండావా? చీర నేయను నేర్పిస్తాండావా ఏంది?"

"ఈడయితే సలిగాలి తగలదు, వేరే కుక్కలు కరవవు."

"కాలు సూడన్నా, పుల్ల మాదిరి అయిపోయుండాది! యాల నడిపించలేదు?"

"నొప్పి పుడతాదమ్మా దానికి."

"నొప్పి దానికా, నీకా? కాలొస్తే యీదిలోకి పోతాదని గదా నీ బాధ!"

ఆదెప్ప కండె దూర్చిన నాడె విసిరాడు. అది అవతలి అంచు చేరకుండానే దారాల మధ్య నుంచి జారి కింద పడింది.

మర్నాడు పొద్దున దాన్ని వాకిట్లో దించి, పాలలో పిసికిన సంగటి పళ్లెం అందనంత దూరంలో పెట్టాడు. అది మూడు కాళ్ల మీద నిలబడి, అతన్నే చూస్తూ మూలిగింది. ఎత్తుకోవడానికి లేవబోయి, చేతులు మోకాళ్ల కింద పెట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపు మూలిగింది. ఆకలి ఆగక ముందుకు వంగింది, తూలింది, పడబోతూ ఆ కాలు నేల మీద పెట్టింది. పెట్టిన వెంటనే తీసేసింది.

"పెట్టినాది! అన్నపూర్ణమ్మా, పెట్టినాది!" అని కేకేశాడు.

ఆ రోజునుంచి రోజూ పళ్లెం కొంచెం కొంచెం దూరం జరుగుతూ పోయింది. వాకిలి దాటింది, వీధిలోకి చేరింది. పళ్లేన్ని అతనే జరిపాడు. ఉగాది నాటికి కుక్కపిల్ల పరుగందుకుంది. గుంటలోకి దిగడం మానేసింది.

ఒక మధ్యాహ్నం అది గట్టు దాకా వచ్చి లోపలికి చూసింది. ఆదెప్ప ఒళ్లో తట్టి "రా" అన్నాడు. తోకాడించింది. అంతలో బయట కుక్కలేవో అరిచాయి. గిరుక్కున తిరిగి ఉరికింది. ఆదెప్ప చెక్కల మీద కాళ్లు ఆపి, చెవులు రిక్కించాడు. నాలుగు కాళ్లూ నేలకు తగులుతున్నాయి. ఆ చప్పుడు మలుపులోని కొళాయి దాకా వినిపించి, వీధి రొదలో కలిసిపోయింది. ఇంకాసేపు విని, నాడె చేతిలోకి తీసుకున్నాడు.