లోలకం ఆపే ఫొటోగ్రాఫరు

నేను ఆరో తరగతితో చదువు ఆపేశాకే మా క్లాసులో మిగతా పిల్లలకి పాఠాలు వినపడ్డం మొదలైందట. అలాంటి నా చేత నోరు మూయించిన మనిషి తెనాలి మొత్తానికి ఒక్కడే, పంతొమ్మిది వందల అరవైల్లో మా వీధి చివర స్టూడియో పెట్టుకున్న ఫొటోగ్రాఫరు.

ఆయన ఎవర్నీ నవ్వమనేవాడు కాదు. ముందు గోడ గడియారం లోలకాన్ని వేలితో ఆపేసేవాడు. ఆ టిక్కుటిక్కు వింటుంటే మొహంలోకి కంగారొస్తుందనేవాడు. తర్వాత అద్దాల పైకప్పుకి కట్టిన తెర కాస్త జరిపి, వెలుతురు మన చెంప మీద కుదురుకునేదాకా, మనమూ కుదురుకునేదాకా చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఫొటో అయ్యాక లోలకాన్ని మళ్లీ తోసేవాడు.

ఓసారి రేపల్లెలో నాకు పెళ్లిచూపులు. మావాళ్లు పొద్దుటి బండికే వెళ్లారు. చొక్కా ఇస్త్రీ నలక్కముందే ఫొటో దిగుదామని నేను ఆగాను. ఆయన నిలబడ్డాడు. నేను జోకులేశాను. ఆయన నిలబడే ఉన్నాడు. జోకులన్నీ అయిపోయి నేను ఊరుకున్నాక అప్పుడు తీశాడు.

ఆయన గోడ గడియారం చూస్తే బండికి ఇంకా గంట ఉంది. తీరిగ్గా కాఫీ తాగి స్టేషన్‌కెళితే బండి వెళ్లిపోయింది. బస్సు పట్టుకుని దీపాలు పెట్టే వేళకి చేరాను. బజ్జీలు చల్లారాయి గానీ, అదృష్టం, సంబంధం చల్లారలేదు.

మర్నాడు స్టూడియోకెళ్లి నిలదీశాను. "మీ గడియారాన్ని నమ్ముకుంటే నా పెళ్లి తప్పిపోయేదండి."

ఆయన ఫొటో నా చేతిలో పెట్టాడు. అందులో నా చొక్కా వేసుకుని ఎవరో నెమ్మదస్తుడు కూర్చున్నాడు.

"ఎవరికైనా ఒక్క నిమిషం ఆపుతాను బాబూ. నిన్న ముప్పావుగంట ఆగిందంటే, అది నీ నోటి చలవే."