ఫొటోలోంచి తీసేసిన హంసాబేన్

మా చిన్నప్పుడు... సూరత్‌లో, ఉధ్నా బస్తీలో మాది ఒకటే గది. నాన్న మగ్గాల కార్ఖానాకు వెళ్లగానే అమ్మ చాప పరిచి, సేఠ్ పంపిన చీర దాని మీద పరిచేది. పక్క గదిలోంచి హంసాబేన్ వచ్చి ఆ చివర కూర్చునేది. చెరో వైపు నుంచి చమ్కీలు అతికించుకుంటూ వస్తే... సాయంత్రానికి మధ్యలో ఇద్దరి మోకాళ్లూ తగిలేవి.

అమ్మ తెలుగులో మాట్లాడేది, ఆవిడ గుజరాతీలో. ఎవరి భాష వాళ్లదే... అయినా కబుర్లకు కొదవ లేదు.

"హంసా, జర జరుగు, నీ నీడ పడ్తుంది" అనేది అమ్మ. "సారు, సరోజ్, సారు"... అంటే సరే, సరే అంటూ ఆవిడ జరిగి, ఇంకేదో అనేది. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వేవారు.

"ఏందమ్మా?" అని నేను అడిగితే, "నీకెందుకే, పోయి సదువుకో" అని తరిమేది.

నాకు ఒళ్లు మండేది. మాకేమో అన్నం, బడి, జ్వరం మందు, తిట్లు... ఆ నవ్వు మాత్రం హంసాబేన్‌కే.

ఒకసారి గల్లీలో పెళ్లికి వచ్చిన ఫొటోగ్రాఫర్ వాళ్లిద్దరినీ ఫొటో తీశాడు. హంసాబేన్ చెయ్యి అమ్మ భుజం మీద ఉంది. అమ్మ నోరంతా తెరిచి నవ్వుతోంది.

పోయిన నెల అమ్మ పోయింది.

దినాలకు ఫొటో కావాలన్నారు. నా ఫోనంతా వెతికాను... పిల్లలు, కేకులు, సగం తిన్న దోశ కూడా ఉంది. అమ్మ లేదు. ఉన్నా ఏ మూలో వడ్డిస్తూ, ముఖం అటు తిప్పుకుని ఉంది. నా మీద నాకే అసహ్యం వేసింది. చివరికి ఇంట్లో దొరికింది ఆ గల్లీ పెళ్లి ఫొటో ఒక్కటే.

"ఇట్లనే పెడ్దాం అన్నా" అన్నాను.

"పిచ్చా నీకు? బతికున్నామెకు గూడ దండ ఏస్తరా?" అన్నాడు అన్న. కాదనలేకపోయాను.

స్టూడియోవాళ్లు హంసాబేన్‌ను తీసేశారు. భుజం మీది చెయ్యి కనిపించకుండా అమ్మకు పట్టుచీర కప్పారు. అడగకుండానే మెడలో నగ కూడా వేశారు. బతికినన్నాళ్లూ ఊళ్లోవాళ్ల చీరలకు మెరుపులద్దిన మనిషికి, పోయాక దొంగ పట్టుచీర! పైగా వచ్చినవాళ్లంతా "ఎంత బాగొచ్చిందో" అంటున్నారు. ఆ ఫొటో లాగి అవతల పారేయాలనిపించింది.

హంసాబేన్ ఇప్పుడు కామ్‌రేజ్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. మోకాళ్ల నొప్పులతోనే వచ్చింది. ఫొటో ముందు కూర్చుని చాలాసేపు చూసింది.

"ఈ చీర సరోజ్‌ది కాదు" అంది, తెలుగులో. ఇన్నేళ్లలో ఆవిడ నోట తెలుగు వినడం నాకదే మొదలు. "నేను పక్కన్నే ఉంటి గదా... నన్ను ఏడ పెట్టిన్రు?"

మీరింకా బతికున్నారు కాబట్టి తీసేశాం అని ఏ నోటితో చెప్పను?

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఎదురు తలుపు నెంబరు తెలుసు నాకు... ఆ ఇంటావిడ పేరు తెలియదు. అమ్మను అమ్మా, అత్తా, నానమ్మా అనేవాళ్లం ఇంతమందిమి మిగిలాం. పేరు పెట్టి పిలిచేది హంసాబేన్ ఒక్కతే... ఆవిడనే తీసేశాం.

మీ అమ్మను పేరు పెట్టి పిలిచే మనిషి ఎవరు? ఆవిడ పేరు కింద రాయండి. తెలియకపోతే... అమ్మ ఉంటే, ఇవాళే అడగండి.