నాలుగింటికి ఆగే మిషన్

మా ఎదురింటావిడ నాలుగు గంటలకు కుట్టుమిషన్ ఆపేస్తుంది. జాకెట్టు సగంలో ఉన్నా సరే, సూది పైకెత్తి, మిషన్ మీద పాత చీర ముక్క కప్పి లేస్తుంది. ఎల్‌బీ నగర్‌లో ఈ ఇంట్లో అద్దెకు దిగిన మొదటి నెలలోనే ఇది గమనించాను. ఆ రోజు నుంచీ నాకది మింగుడుపడలేదు.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఎకానమీ చెబుతాను. పోటీ పరీక్షల పిల్లలకు క్షీణోపాంత ప్రయోజన సూత్రం చెప్పేటప్పుడు సమోసాల ఉదాహరణ ఇస్తాను. ఆకలి మీద తిన్న మొదటి సమోసా ఇచ్చినంత తృప్తి నాలుగోది ఇవ్వదు, ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లే సుఖపడతారు అని. పిల్లలు నవ్వుతూ రాసుకుంటారు. ఆ పాఠం చెప్పే నేనే సాయంత్రం నాలుగు నుంచి ఆరు బ్యాచ్ అడిగి మరీ తీసుకున్నాను. ఆ డబ్బుతో ఆదివారాలు పాపను మాల్‌లో ఆటలకు తీసుకెళ్తాం. అక్కడ కూడా ఫోన్‌లో టెస్ట్ పేపర్లు దిద్దుకుంటూ, "తొందరగా ఆడుకో, టైం అయిపోతోంది" అంటుంటాను.

నేను క్లాసులో ఉండే ఆ రెండు గంటలూ నాలుగేళ్ల మా పాప ఎదురింట్లోనే. ఆవిడది నల్గొండ దగ్గర ఒక పల్లె, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను అక్కా అంటాను, పాప పెద్దమ్మా అంటుంది. చూసుకుంటున్నందుకు ఏమైనా తీసుకోమంటే, "గట్లయితే నాకు తోడున్నందుకు నేను బిడ్డకియ్యాలె చెల్లె" అని నవ్వింది. నాలుగు దాటగానే ఇద్దరూ మూల మీది బండి దగ్గర మిర్చి బజ్జీలు కొనుక్కుని డాబా ఎక్కుతారు. మెట్రో రైళ్లకు చేతులూపుతారు. నేను ఇల్లు చేరేసరికి పాప ఒంటి నిండా నూనె వాసన. అన్నం పెడితే, "ఆకలైతలేదు" అంటుంది. మాది గుంటూరు వైపు. నా కడుపున పుట్టిన పిల్ల ఆవిడ మాట మాట్లాడుతుంటే, ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

ఆవిడ ముందుగదిలో గోడకు ఏడు మేకులున్నాయి. మేకుకో సంచి, సంచిలో ఒకరి జాకెట్టు గుడ్డ, కొలతకు పాత జాకెట్టు. ఏడూ నిండాక ఎవరొచ్చినా తీసుకోదు. "మేకు ఖాళీ లేదమ్మా, గురువారం రా" అంటుంది, పెళ్లిళ్ల రోజుల్లో కూడా. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారని తెలిస్తే ఇక ఆ రోజు పనే ముట్టదు. ఏటా పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, నీళ్లు దూకడం చూసి, వేయించిన చేప తిని వస్తుంది. ఈసారి పాపనూ తీసుకెళ్తానని మాటిచ్చింది. పాప అప్పటినుంచీ స్నానాల గదిలో మగ్గుతో నీళ్లు ఎత్తిపోస్తూ "గేట్లెత్తిండ్రు!" అని కేకలు. ఆ కేక విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. నాకు జ్వరమొస్తేనే సెలవు దొరకదు, ఆవిడ నీళ్లు చూడటానికి సెలవు పెట్టుకుంటుంది.

శ్రావణ శుక్రవారం నాడు ఆవిడను పేరంటానికి పిలిచి, వాయనంతో పాటు పన్నెండు కొక్కేలున్న స్టీలు పట్టీ చేతిలో పెట్టాను.

"గోడ పాడవకుండా ఉంటుందక్కా."

వాయనంతో ఇచ్చినదాన్ని ఎవరూ కాదనరు. ఆ సంగతి తెలిసే ఆ రోజు ఇచ్చాను.

మర్నాడు మేకులు పీకి, మా ఆయనే పట్టీని బిగించి వచ్చాడు. ఆ తర్వాత జాకెట్లు తెచ్చిన వాళ్లందరిదీ ఒకటే మాట. "గన్ని ఖాళీగున్నయ్ గదక్కా, నాదొక్కటి పెట్టుకో." ఖాళీ కళ్ల ముందు కనబడుతుంటే లేదనడం ఆవిడకు చేతకాలేదు. మిషన్ నాలుగింటికి ఆగలేదు, ఆరింటికీ ఆగలేదు. మొదటి మూడు రోజులూ మెట్లెక్కుతూ ఆ చప్పుడు వింటే నాకు హాయిగా అనిపించింది. నాలుగో రోజు పాప ఆవిడ మంచం మీద ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంది. పిలిస్తే తలెత్తలేదు.

ఆ వారంలోనే టీవీలో సాగర్ గేట్లు ఎత్తారని చెప్పారు. పాప ఎదురింట్లోకి పరుగెత్తింది. వెనకే నేనూ వెళ్లాను.

"పెద్దమ్మా, గేట్లెత్తిండ్రు! పోదాం పా!"

ఆవిడ గోడకేసి చూసింది. పన్నెండు సంచులూ నిండుగా వేలాడుతున్నాయి.

"రెండు రోజులాగు బిడ్డా. పెండ్లోళ్లకు మాటిచ్చిన."

పాప ఏడవలేదు. వెళ్లి మంచం మీద ఫోన్ తీసుకుంది. నాకు అక్కడ నిలబడటం కష్టమైంది.

"అక్కా, ఆ పట్టీ నేను కావాలనే ఇచ్చాను."

"కావాల్నని అంటే?"

"మీరు నాలుగింటికి లేచి హాయిగా తిరగడం చూళ్లేక."

మిషన్ ఆగింది.

"ఏందీ! గింత సదువుకున్నవ్, నౌకరి చేస్తున్నవ్, నా మీద కండ్లల్ల నిప్పులు పోస్కున్నవా? నా దగ్గరేముందే తల్లీ?"

"నా పాప ఉంది" అనబోయి ఆగాను.

"తప్పయిందక్కా."

"తప్పయితే కూసో." రెండు జాకెట్లు తెచ్చి నా ఒళ్లో పడేసింది. "హుక్కులు కుట్టు. రేపు గూడ నాలుగింటికి రావాలె. అన్నీ అయితేనే సాగర్."

"నాకు కుట్టడం రాదక్కా."

"ఓర్వలేకపోవుడు వచ్చింది గదా, గిది గూడ వస్తది."

మర్నాడు సెంటర్‌లో ఈ వారం సాయంత్రం బ్యాచ్‌కు ఉండనని చెప్పాను. సార్ ముఖం చిట్లించి, వేరేవాళ్లను చూసుకుంటామన్నారు. ఆ బ్యాచ్ పోతుందేమోనని దారంతా భయపడ్డాను. అయినా వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని, వేలు గుచ్చుకుంటూ కుట్టాను. ఆవిడ నేను కుట్టిన హుక్కు లాగి చూసేది, ఊడొచ్చేది.

"ఇది తొడుక్కుంటే పెండ్లిపందిట్ల ఆమె పరువు పోతది. మల్ల కుట్టు."

పాప పకపకా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ నవ్వు వినడం. నన్ను చూసి నవ్వినా బాగానే ఉంది.

మూడో రోజు సాయంత్రానికి పదకొండు జాకెట్లు పూర్తయ్యాయి. పన్నెండోది మిషన్ మీద ఉంది. అప్పుడే టీవీలో చెప్పారు, పైనుంచి వరద తగ్గిందని, సాగర్ గేట్లన్నీ దించేశారని.

అక్క కత్తెర కింద పెట్టింది. తర్వాత నా వైపు చూడకుండానే, "నువ్వే చెప్పు బిడ్డకు" అంది.

పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పాను. నా వల్లే పెద్దమ్మకు పని ఎక్కువైందని, అందుకే ఆలస్యమైందని కూడా చెప్పాను. మళ్లీ ఎత్తినప్పుడు నేనూ సెలవు పెట్టి వస్తానన్నాను. పాప అంతా విని నా ఒళ్లోంచి దిగింది. అక్క దగ్గరికి వెళ్లి, గడ్డం పట్టుకుని ముఖంలోకి చూసింది.

"ఫికర్ చెయ్యకు పెద్దమ్మా. మల్ల ఎత్తుతరు."

అక్క దాన్ని గుండెకు అదుముకుంది. పాప చిన్న చేత్తో ఆవిడ వీపు తడుతూ ఉంది. నేను సూదిలో దారం ఎక్కించుకుంటూ, తర్వాత నా దగ్గరికి వస్తుందేమోనని చూశాను. రాలేదు.